బ్లెసన్ అయ్యగారి మొదటి పోస్టింగు

బ్లెసన్‌ను ఏ సంఘానికి పంపుతున్నారో బిషప్ గారు మైకులో చెప్పగానే సీతమ్మ చాప మీద కూలబడింది.

అంతదాకా బాగానే ఉంది. కొడుకు తెల్లటి అంగీ తొడుక్కుని మోకరించాడు. బిషప్ గారు తల మీద చేతులుంచి పాస్టరుగా అభిషేకించారు. డయాసిస్ పత్రిక వాళ్లు ఫొటో తీశారు. ఆ తర్వాతే పోస్టింగుల సంగతి వచ్చింది.

“ఆడికా?” పక్కనున్న ముత్తమ్మ ముక్కు మీద వేలేసుకుంది. “మునుపైతే పోవుడు అలకగుండె సీతమ్మా. ఇప్పుడు దాటుడంటే మాటలా? మా ఆడిబిడ్డ మొగడు పోబోయి కాలిరగ్గొట్టుకున్నడు.”

“ఉన్న పానం గూడ తీయకే” అంది సీతమ్మ.

ఆరాధన ముగియగానే వెళ్లి బిషప్ గారి కారుకు అడ్డంగా నిలబడింది. ఆయనకు విమానం టైమవుతోంది.

“అయ్యగారూ, మా పిలగాడు గొర్రెపిల్ల లెక్కుంటడు. ఇంకోర్ని పంపున్రి.”

“మొదటి పోస్టింగమ్మా, కాదనకూడదు. ఏడాదిపాటు తన సంఘంలోనే నిద్ర చేయాలి. అది మన డయాసిస్ పద్ధతి.”

“అన్నం తిననీకన్న ఇంటికి రావొచ్చునా?”

బిషప్ గారు వాచీ చూసుకున్నారు. “రోజూ వచ్చిపోవడమా? నేనైతే ఆ సాహసం చేయనమ్మా” అని కారు అద్దం పైకెత్తేసుకున్నారు.

బిషప్ గారికే భయమైతే ఇక మిగతావాళ్ల సంగతేమిటి? సీతమ్మ దారి పొడవునా ఏడుస్తూనే ఇల్లు చేరింది.

భర్త యేసురత్నం మాత్రం చలించలేదు. ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎక్కించే పని ఆయనది. డ్యూటీ దిగి వస్తూ ప్లాస్టిక్ చుట్ట ఒకటి తెచ్చాడు. కొడుకు ట్రంకుపెట్టెకు నిలువునా అడ్డంగా గట్టిగా చుట్టి, ఎత్తి చూశాడు.

“ఇరవై కిలోలు దాటిందే! ఏం పెట్టినవ్ ఇండ్ల?”

“మామిడికాయ తొక్కు. మక్కగారెలు. జెరం గోలీలు. దుప్పట్లు. సీసాలల్ల మన బోరు నీళ్లు.”

“నీళ్లెందుకే?”

“ఆడి నీళ్లు ఉప్పగుంటయంట. కొత్తనీళ్లకు మనోని గొంతు పట్టేస్తది. గొంతు పట్టేస్తే వాక్యమెట్ల చెప్తడు? వాక్యం చెప్పకుంటే మంది తరుముతరు. తరిమితే యేడికి పోతడు?”

“ఇంటికొస్తడు.”

“ఎట్లొస్తడయ్యా? దాటాలె గద!”

యేసురత్నం ఇంకో చుట్టు చుట్టాడు.

సీతమ్మ ఊరుకోలేదు. కొంగుచాటున ఉల్లిగడ్డ ఒకటి పట్టుకుని కొడుకు మంచం దగ్గరికి చేరింది.

“బిడ్డా, ఇది చంకల పెట్టుకొని పండు. పొద్దుగాల్లకు జెరమొస్తది. పోవుడు బందైతది.”

“అమ్మా, నేనిప్పుడు పాస్టర్‌ను!”

“ఏం, పాస్టర్లకు జెరం రాదా?”

“నువ్వొకసారి వచ్చి చూసిపో. నీకే తెలుస్తది ఎట్లుంటదో.”

“నేనా? ఈ మోకాళ్లతోనా? నడుమనే నా పానం పోతది!”

ఉల్లిగడ్డ మర్నాడు పులుసులోకి పోయింది.

సాగనంపడానికి తమ సంఘమంతా ఇంటిముందు చేరింది. చర్చి ఆడవాళ్ల బృందం ‘స్త్రీల మైత్రి’ తరఫున ముత్తమ్మ శాలువా కప్పింది. పాట ఎత్తుకోగానే నెత్తి మీదుగా విమానం లేచింది. అందరూ అలవాటుగా నోళ్లు తెరుచుకునే ఆగారు. అది పోయాక ఆగిన అక్షరం దగ్గరే మళ్లీ అందుకున్నారు. సీతమ్మ మాత్రం ఆ విమానం కనుమరుగయ్యేదాకా చూసి, ముక్కు చీదింది.

“పోయొస్తనమ్మా” అన్నాడు బ్లెసన్.

“కొడుకా...”

“కొడుకేంది? పాస్టరైనంక ‘అయ్యగారూ’ అనాలె” అని ముత్తమ్మ సవరించింది.

“అయ్యగారూ, తలకు నూనె పెట్టుకో బిడ్డా. రాత్రి చెవులల్ల దూది పెట్టుకో, ఒకటే మోతంట. ఆడి మందితోని జర పైలం. పప్పుచారుల బెల్లమేస్తరంట!”

ట్రాలీ ఆటో నడిపే కొండల్ హారన్ కొట్టాడు. “జల్ది కానియ్యున్రి. గంట పడ్తది పోవుడు. ట్రాఫిక్ల ఇరికితే ఇగ చెప్పలేం.”

“డీజిల్ నింపినవా? బ్రేకులు జూసినవా? పులిహోర కట్టిన, తొవ్వల ఆగి తినున్రి.”

ఆటో కొత్తూరు దిక్కుగా కదిలింది. శాలువా అంచు ఊగుతూ ఊగుతూ చిన్నదై మాయమైంది.

సీతమ్మ లోపలికి పోయి, గోడవైపు తిరిగి పడుకుంది. అన్నం ముట్టలేదు.

“ఇప్పుడు యేడున్నడో.”

“పులిహోర తింటున్నడు” అన్నాడు యేసురత్నం.

“పొలమారితే?”

పొద్దు వాలుతుండగా ఫోన్ మోగింది. యేసురత్నం మాట్లాడి పెట్టేశాడు.

“మంచిగ చేరిన్రంట. బయటికి రా, జర గాలి తగుల్తది.”

సీతమ్మ గడప మీద కూర్చుంది. ఎదురుగా ఒకసారి చూసింది. దుఃఖం ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. నెత్తి కొట్టుకుంటూ గొల్లుమంది.

“ఇగ నా కొడుకు మొకం ఎన్నడు జూస్తనో దేవా!”

అంతలో బెంగళూరు రోడ్డుకు అవతల, కొత్తగా కట్టిన ఎత్తైన డివైడర్‌కు ఆ పక్కన, బండి కొత్తూరు దాకా పోయి యూటర్న్ తిరిగొస్తే గాని చేరలేని, వాళ్ల గడపకు సరిగ్గా ఎదురుగా ఉన్న చర్చి మైకులోంచి బ్లెసన్ గొంతు వినిపించింది: “అమ్మా, జర లోపటికి పో, నువ్వు ఈడికి కనబడుతున్నవ్, సంఘమంత వాక్యం ఇడిచిపెట్టి నిన్నే జూస్తున్నది!”