రెండు మంచాల గది

"ఆ గోడ ఇంగొక్క వరస లేసినా నేనొప్పుకోను" అంటూ రాజ్యలక్ష్మమ్మ వచ్చి, గోడకని పేర్చి పెట్టిన రాళ్ల మీద కూర్చుంది.

బేల్దారి ఏసేపు తాపీ కింద పెట్టి శెట్టిగారి వైపు చూశాడు. మొగుడూ పెళ్లాలు తగువు పడినప్పుడల్లా అతనికి ఒక బీడీ తాగే తీరిక దొరుకుతుంది. అందుకని అతనికి పెద్ద దిగులేమీ లేదు.

పెద్దసుబ్బయ్య శెట్టికి మాత్రం తల తిరిగిపోయింది. వేంపల్లెలో శెనక్కాయల వ్యాపారం చేసి కాస్త నిలదొక్కుకున్నాక, పోయిన తల్లి పేరు మీద ఊళ్లో ఆడవాళ్లకు పురుళ్ల ఆసుపత్రి కట్టిస్తున్నాడాయన. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పెళ్లాన్ని పక్కన పెట్టుకుని ఆసుపత్రి కట్టి చూడు అనలేదు. వాళ్లలో ఎవరూ ఆ పని చేసి ఉండరు.

"ఇంగేమొచ్చిందే?" అన్నాడు.

"ఈ గదిలో ఒక్క మంచమే పడుతుంది. రెండు పడాల. గోడ అవతలికి జరిపించండి."

"అవతల ఏముండాదో తెలుసా? హాలు! రాజధాని కర్నూలు నుంచి మంత్రిగారొచ్చి కూసునే హాలు. ఆ గోడకే గదా అమ్మ పటం తగిలించేది! హాలును కోసేస్తే మంత్రిగారిని యాడ కూసోబెట్టేది? కానుపు మంచం మీదనా?"

"మంత్రిగారు ఒక్క పూట కూసోని పోతాడు. ఆడది పది దినాలు పండుకోవాల."

ఏసేపు నవ్వు దాచుకోడానికి బీడీ వెలిగించుకుంటున్నట్టు అటు తిరిగాడు. శెట్టికి అది కనపడనే కనపడింది. దాంతో రోషం ఇంకొంచెం పెరిగింది.

"చూడు రాజ్యం. మెట్లు కట్టిస్తే, నిండు చూలాలు యాడెక్కుతుందని పీకించి ఏటవాలుగా దారి ఏయిస్తివి. సరేనంటి. పాయిఖానా గదికి ఆనించే కట్టాలంటివి. మనోళ్లంతా ముక్కు మూసుకున్న్యారు. దానికీ సరేనంటి. కిటికీ కిందికి దించమంటివి..."

"పండుకున్నోళ్లకు దోవన పోయే మనుషులు కనపడద్దా? నొప్పులు పడతా దూలాలు లెక్కబెట్టుకోవాల్నా?"

"అదీ దింపిస్తి గదా! ఇప్పుడు నా హాలు మీదికొచ్చినావు."

నిజం చెప్పుకోవాలంటే, కడప నుంచి వచ్చి చూసిపోయిన డాక్టరమ్మ ఆ ఏటవాలు దారినీ ఆ కిటికీనీ తెగ మెచ్చుకుంది. ఎవరి ఆలోచన అని కూడా అడిగింది. శెట్టి మీసం సవరించుకుని, "ఏదో, మా ఇంట్లో అనుకుంటిమి" అన్నాడు. ఆ 'మా ఇంట్లో' ఎవరో ఆయన విడమరచి చెప్పలేదు.

"ఇంతకూ ఆ రెండో మంచం ఎవరికే?" అన్నాడిప్పుడు.

రాజ్యలక్ష్మమ్మ కొంగు సర్దుకుంది. "మన కృష్ణవేణికి తొలి కానుపు. పుట్టింటికి రాక యాడికి పోతుంది? ఈ గదిలోనే గదా పురుడు పోసేది."

కృష్ణవేణి వాళ్లకు ఒక్కగానొక్క కూతురు. ప్రొద్దుటూరులో ఇచ్చారు. నాలుగో నెల అని వారం కిందటే కబురొచ్చింది. తాతనవుతున్నానని శెట్టి ఆ రోజు అంగట్లో కనపడిన వాళ్లందరికీ బెల్లం పంచాడు.

"అది ఒక మంచం. రెండోది?"

"నాకు."

"తోడు పండుకునేదానికి ఇనప మంచమా? సాప ఏసుకో!"

"ఈ బండల మీద సాపేసుకుని పండుకోవాల్నా నేను?"

"ఇంట్లో పండుకుంటాండేది యాడ? చల్లగుండాదని మంచం దిగి నాపరాళ్ల మీదికి పొయ్యేది నువ్వే గదనే!"

రాజ్యలక్ష్మమ్మ నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

శెట్టి గతుక్కుమన్నాడు. ఇరవై ఏళ్ల కాపురంలో ఆమె నోరు చేసుకోవడం ఆయనకు కొత్త కాదు గానీ, నోరు మూసుకోవడం కొత్త. తల్లి అంటే ఆయనకు ప్రాణం. పెళ్లాం అంటే అంతకన్నా పిసరంత ఎక్కువే. ఆ సంగతి బయట పడితే లోకువైపోతానని ఇన్నేళ్లూ భద్రంగా దాచుకున్నాడు.

"ఒరే ఏసేపూ, పీకెయ్" అన్నాడు.

"గోడనా, శెట్టీ?"

"గోడ గాకపోతే నా మీసాలా? గోడనే పీకెయ్. మంత్రిగారు వసారాలో కూసుంటాడు. అమ్మ పటం యాడన్నా తగిలించుకోవచ్చులే. బతికున్నెప్పుడు గూడా మా అమ్మ కోడలి మాటే యినేది."

ఏసేపు గడ్డపార తేవడానికి వెళ్లాడు. శెట్టి వచ్చి పెళ్లాం పక్కన రాళ్ల మీద చతికిలబడ్డాడు. గెలిచిన మనిషి ముఖంలో గెలిచిన సంతోషం కనపడకపోవడం ఆయనకు వింతగా ఉంది.

"గోడ పాయె, హాలు పాయె. ఇప్పుడన్నా చెప్పు. తోడుకొచ్చే మనిషికి మంచం మీద ఇంత పట్టుదలేందే?"

రాజ్యలక్ష్మమ్మ చుట్టూ చూసింది. ఎవరూ లేరు. అమ్మమ్మ కాబోయే మనిషి, కొత్త పెళ్లికూతురిలా తల దించుకుంది.

"తోడుకు కాదండీ" అంది మెల్లగా. "దాని కానుపూ నా కానుపూ ఒకే నెల్లో వచ్చేట్టుండాయి."