నాన్నగారికి పడే పిల్లి

కూరలమ్మే అప్పాయమ్మ గంప ఇంకా గుమ్మం దాటలేదు. శృతి వాళ్ళ నాన్నగారు అప్పుడే తుమ్మేశారు.

మామూలు తుమ్ము కాదు. వీధి చివర కిళ్ళీకొట్టాయన అక్కణ్ణించే "చిరంజీవ!" అనేంత తుమ్ము.

"మూతైనా తియ్యలేదండి బాబుగారూ! పిల్లిపిల్ల లోపల బజ్జుందండి," అంది అప్పాయమ్మ, తను చేసిన తప్పేంటో తెలియక.

"గాలి చాలమ్మా, గాలి చాలు," అన్నారాయన ముక్కు తుడుచుకుంటూ. "చూశావుగా అమ్మలూ, నాకు పడదు."

తొమ్మిదేళ్ళ శృతి అప్పటికే మూత తీసి, బూడిదరంగు పిల్లని గుండెలకి హత్తుకుంది. నాన్నగారు వరసపెట్టి తుమ్మారు. అమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చి, పిల్లిని లాక్కుని గంపలో పడేసి, శృతి చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడిగేసింది.

కరెంటాఫీసు క్లర్కు లక్ష్మీనరసింహం గారి ఎలర్జీ గురించి తెలియనివాళ్ళు పాలకొల్లులో లేరు. బిల్లు కట్టడానికి వచ్చినవాళ్ళకి రసీదుతో పాటు తన ముక్కు సంగతి కూడా చెప్పి పంపేవారాయన. వాళ్ళూ ఊరుకుంటారా? ఒకరు పసుపుకొమ్ము కాల్చి పొగ పీల్చమన్నారు. ఒకరు తులసి రసమన్నారు. ఇంకొకరు ఆ రెండూ దండగ, పొద్దున్నే ముక్కుతో నీళ్ళు తాగాలన్నారు. నాన్నగారు అన్నీ శ్రద్ధగా విన్నారు. ఏదీ చెయ్యలేదు.

శృతి మాత్రం ఆశ వదల్లేదు. పిల్లులన్నీ ఒకేలా ఉండవనీ, ఒకటి పడకపోయినా ఇంకోటి పడొచ్చనీ సైన్సు టీచరు చెప్పింది. అంటే నాన్నగారికి పడే పిల్లి ఎక్కడో ఉండే ఉంటుంది. వెతకాలంతే.

తెల్లదైతే తుమ్ములు రావన్నాడు పాలబ్బాయి. బొచ్చు తక్కువదైతే మంచిదంది పక్క బెంచీ అమ్మాయి. ఆడపిల్లి అయితే అసలు ఏ రోగమూ రాదని ఎదురింటి తాతాజీ గారు ఒట్టేసి మరీ చెప్పారు. అప్పటికి వాళ్ళింట్లో ఎవరూ పట్టుకెళ్ళక మిగిలిపోయింది ఆడపిల్లే.

తెల్లదానికి తుమ్మారు. బొచ్చు తక్కువదానికీ తుమ్మారు. తాతాజీ గారి పిల్లికైతే వాళ్ళ గేటు దగ్గరే మొదలుపెట్టారు. ఆ పిల్లి అప్పుడు పెరట్లో ఉంది.

పిల్లిని ఎత్తుకున్నప్పుడల్లా శృతి కూడా కాస్త దగ్గేది. అంత పెద్ద తుమ్ముల పక్కన అంత చిన్న దగ్గు ఎవరికి వినపడుతుంది? "మళ్ళీ పుల్ల ఐసు తిన్నావా?" అని అమ్మ కసిరేది. పడుకునే ముందు బలానికని ఓ చెంచా తియ్యటి మందు పోసేది.

ఆ రోజుల్లోనే వెనక వీధి రామతులసి పెళ్ళి తప్పిపోయింది. తాంబూలాలు కూడా అయిపోయిన సంబంధం.

"రాత్రిళ్ళు ఆయాసపడుతుందిటండీ ఆ పిల్ల," అంది అమ్మ అన్నం వడ్డిస్తూ. "ఎవరు ఊదారో పుణ్యాత్ములు, మగపెళ్ళివారి చెవిన పడింది. ఇంకెవరు చేసుకుంటారు దాన్ని?"

నాన్నగారు పప్పు కలుపుకున్నారు. చాలాసేపు కలుపుతూనే ఉన్నారు.

ఆ తర్వాత ఆదివారం భీమవరం వెళ్ళారు. మణిశంకర్ మావయ్య ఇంట్లో ఒక ముసలి పిల్లి ఉంది. చర్మవ్యాధి వచ్చి ఒంటిమీద బొచ్చంతా ఊడిపోయింది. ఇంతకంటే మంచి పిల్లి లోకంలో దొరకదని శృతికి అనిపించింది. క్షీరారామలింగేశ్వరుడికి కొబ్బరికాయ కూడా మొక్కుకుంది.

"బావగారూ, దీని ఒంటిమీద మీసాలు తప్ప ఇంకో వెంట్రుక లేదు. దీనిక్కూడా తుమ్మారంటే తప్పు పిల్లిది కాదు, మీ ముక్కుది," అన్నాడు మావయ్య.

పిల్లి వచ్చి శృతి ఒళ్ళో పడుకుంది. నాన్నగారు తుమ్మలేదు.

శృతి ఊపిరి బిగబట్టి చూసింది. ఇంకా తుమ్మలేదు. ఆయన పిల్లి వంక చూడటం లేదు. శృతి మొహం వంకే చూస్తున్నారు. శృతి నవ్వింది. నవ్వుతూనే దగ్గింది. ఇంకోసారి దగ్గింది.

నాన్నగారు తుమ్మారు. ఎంతలా తుమ్మారంటే, పెళ్ళానికి మంచినీళ్ళు కూడా అందించని మావయ్య, తనే లేచి పిల్లిని మేడమీదికి మోసుకుపోయాడు.

 బస్టాండులో శృతి నాన్నగారి వేలు పట్టుకుంది.

"ఇంక వద్దు నాన్నగారూ. పిల్లి లేకపోతే ఏంటి? మీకు తుమ్ములు రాకుండా ఉంటే అంతే చాలు."

ఆయన ఆ పిల్ల తల నిమిరారు. "ఇక్కడే కూర్చో తల్లీ, ఇప్పుడే వస్తా," అని రోడ్డు దాటి, ఎస్టీడీ బూతు పక్కన ఉన్న మందుల షాపుకి వెళ్ళారు. పాలకొల్లులో తమ సందులోనే మందుల షాపు ఉండగా, భీమవరంలో కొనడం ఎందుకో శృతికి అర్థం కాలేదు.

పాపం, మొహమాటానికి చిన్న బిళ్ళేదో కొనుక్కుంటారు. పెద్ద బిళ్ళ ఇమ్మని తనే చెప్పాలి. శృతి కూడా రోడ్డు దాటి, ఆయన వెనక్కి వెళ్ళి నించుంది.

"ఆయాసానికాండి? మీకేనాండి?" షాపాయన అడుగుతున్నాడు. "దేనివల్ల వస్తందండి? దుమ్మా, పొగా?"

నాన్నగారు అటూ ఇటూ చూశారు. వెనక్కి మాత్రం చూడలేదు.

"పిల్లి వల్లండి," అన్నారు గొంతు బాగా తగ్గించి, "నాకైతే పిల్లులు శుభ్రంగా పడతాయి, పడంది మా అమ్మాయికి."