అమోన్ వచ్చాడు

"లోపల అంతా బాగానే ఉన్నారాండీ?"

కైకలూరు ఐస్ ఫ్యాక్టరీ గేటు దగ్గర నల్లకళ్లద్దాల పెద్దాయన రోజూ అడిగే ప్రశ్న ఇదే.

"బాగానే ఉన్నారు లెండి. మీకెందుకండీ?" మేనేజరు అబ్బాయిరాజు రోజూ చెప్పే జవాబూ ఇదే.

ఆ రోజు మాత్రం పెద్దాయన కదల్లేదు.

"మీ ఐసు మిషన్లో తిరిగే అమ్మోనియా గ్యాసుకు ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసాండీ?"

"సిలిండర్లోంచి." పనివాళ్లు నవ్వారు.

"గుడిలోంచండీ. పూర్వం ఈజిప్టువాళ్ల దేవుడు అమోన్. ఎడారిలో ఆయన గుడి దగ్గర దొరికే ఉప్పుకు ఆయన పేరే పెట్టారట. ఆ ఉప్పు పేరే మీ గ్యాసుకు వచ్చింది. అమోన్ అంటే కనబడనివాడు." ఆయన గొంతు తగ్గించాడు. "ఇవాళ ఆయన బయటికి వచ్చాడండీ. అందర్నీ బయటికి పిలిచేయండి."

అబ్బాయిరాజు గట్టిగా ఊపిరి పీల్చి చూపించాడు.

"రోజూ ఇక్కడే పడి ఉండే మాకు రాని వాసన మీకొచ్చిందా? అవతల ఐసు కోసం చేపల లారీలు ఆగిపోయాయి. వెళ్లండి బాబూ."

రోజూ పీల్చే ముక్కుకు వాసన తెలియదని అబ్బాయిరాజుకు తోచలేదు. పైగా పొద్దున వేసిన సాంబ్రాణి ఇంకా గుప్పుమంటోంది.

పెద్దాయన సరాసరి లోపలికి నడిచాడు. మిషన్ మీద దండ వేసి ఉన్న పెద్దింట్లమ్మ పటం లాక్కుని పరుగు తీశాడు.

"దొంగ! అమ్మవారి పటం!"

ఆ పటానికి దణ్ణం పెట్టందే అక్కడ స్విచ్చి వెయ్యరు. ఐసు దిమ్మలు ఎక్కడివక్కడ వదిలేసి అందరూ వెంటపడ్డారు. రోడ్డు దాటి, చెరువు గట్టు మీద పట్టుకున్నారు.

అబ్బాయిరాజు ఒక్క తోపు తోశాడు. పెద్దాయన తల రాయికి తగిలింది.

అప్పుడే వెనకాల ఫ్యాక్టరీలో గ్యాసు పైపు పేలింది. తెల్లటి పొగ గుమ్మం నిండా నిలబడింది. లోపల ఒక్కరూ లేరు.

పెద్దాయన ఇక లేవలేదు. పటం ఆయన గుండెల మీదే ఉంది. అద్దం కూడా పగల్లేదు.

సాయంత్రం ఆయన కూతురు ఉమాకుమారి తాడేపల్లిగూడెం నుంచి వచ్చింది. అబ్బాయిరాజు ఆమె కాళ్ల మీద పడ్డాడు.

"మా అందరి ప్రాణాలూ నిలబెట్టారమ్మా. 'మాకు రాని వాసన మీకొచ్చిందా' అని పాపిష్టి మాట అన్నాను. ఆయనకు నిజంగానే వచ్చిందమ్మా!"

ఆమె ఫ్యాక్టరీ గుమ్మం వైపు చూసింది.

"అప్పట్లో వేరే ఐస్ ఫ్యాక్టరీలో గ్యాసు లీకైన రోజు ఆ మాటే అని, తన పనివాళ్లను లోపలే ఉంచేసిన మేనేజరు మా నాన్నగారేనండీ. వాళ్లలో ఒక్కరూ బతకలేదు. ఆ గ్యాసుకు నాన్నగారి ముక్కు కాలిపోయింది. అప్పట్నుంచీ ఆయనకు ఏ వాసనా తెలియదండీ."