చీరంచులో గొంతు

నేసినవాళ్ల గొంతు అంచులో పెట్టి అమ్మే చీరలు వచ్చాక, బెజవాడలో సుగుణ మరో రకం కొనడం మానేసింది. రోజూ బట్టలు మడతపెడుతూ నీలం చీర అంచు తాకేది.

"నా పేరు నాంచారయ్య, అమ్మా. మాది మంగళగిరి. పన్నెండు రోజులు తీరిగ్గా నేశాను. కూలి సరిగ్గానే ఇచ్చారు," అనేదా గొంతు. సుగుణ నవ్వుకునేది. ఆ నవ్వు చూసి ఆమె భర్త పద్మాకర్ కుళ్లుకునేవాడు.

ఒకరోజు అతను గొంతులేని చీర తెచ్చాడు.

"నాకొద్దండీ. ఎవర్ని ఏడిపించి నేయించారో ఎలా తెలుస్తుంది?" అంది సుగుణ.

పద్మాకర్ ఉక్రోషంగా మంగళగిరి వెళ్లాడు. తీరా చూస్తే నాంచారయ్య డెబ్బై దాటిన ముసలాయన.

"మా ఆవిడ రోజూ మీ మాటే వింటోంది," అన్నాడు నిష్ఠూరంగా.

నాంచారయ్య మగ్గం ఆపాడు. "విన్నామని వచ్చి చెప్పింది మీరొక్కరే బాబూ. అమ్మాయిగారికి రంగు నచ్చిందా?"

పోట్లాడదామని వచ్చిన పద్మాకర్, నచ్చిందని తలూపాడు.

ఇంటికొచ్చి చెబితే సుగుణ ముఖం వెలిగిపోయింది. అతనికి మళ్లీ కడుపు మండింది. అయినా పక్కన కూర్చుని, ముసలాయన గురించి ఆమె అడిగినవన్నీ చెప్పాడు. సుగుణ అంతసేపు అతని మాటలు విని చాలా కాలమైంది.