మూడు తులాల ఉప్పు

సముద్రపు నీళ్లు ఇగిరిపోయాక పళ్లెంలో తెల్లగా మిగిలినదాన్ని జయరామయ్య మేష్టారు తూచి, చిటికెడు నోట్లో వేసుకున్నాడు.

"ఉప్పే కామమ్మా. లీటరుకు ముప్పై అయిదు గ్రాములు."

రేవు నుంచి బడికి ఆ నీళ్లు తెచ్చిపెట్టిన కామమ్మ వంగి చూసింది. "ఈ కొత్త గ్రాములు నాకు తెలవవు అయ్యోరా. తులాల్లో చెప్పండి."

"మూడు తులాలు."

"నేను ఒడ్డునే ముంచినా. లోపలికి పోయి ముంచుంటే?"

"దాదాపు అంతే. నీళ్లలో కరిగింది ఒకచోట ఉండదు. అంతటా సమంగా కలిసిపోతుంది."

కామమ్మ పళ్లెంలోని తెల్లటి రేణువుల మీద వేలు ఆనించింది.

"పోయినేడు గాలివానకు మా ఆయన పడవ తిరిగి రాలా. శవం కనపడందే కర్మ చెయ్యకూడదన్నారు. గాజులు కూడా తియ్యలా. రోజూ ఒడ్డెంబడి వెతుకుతానే ఉండా. ఆయనా నీళ్లల్లో కరిగిపోయుంటే ఇంక వెతికే పన్లేదు గదా?"

మేష్టారు కాదనబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

కామమ్మ పళ్లెంలోదంతా కొంగులోకి వంచుకుంది. రేణువు మిగలకుండా వేలితో తుడిచి ముడి వేసింది.

"దీనికే కర్మ చేయిస్తా. మొత్తం ఇదేనా అయ్యోరా? ఇంకెక్కడా మిగల్లేదు గదా?"

మేష్టారు ఖాళీ పళ్లెం వైపు చూశాడు. నాలుక మీద ఉప్పదనం ఇంకా పోలేదు.