రెండో రౌండు

"ఎక్కావా మరి?" జాయ్స్ పడవలో కూలబడగానే అడిగాడు వెస్లీ.

దోహాలో ఒక మాల్ లోపల వెనిస్‌ని చూసి కట్టిన కాలవ అది. అందులో జనాన్ని మోటారు పడవలో తిప్పడం వెస్లీ డ్యూటీ. అతని భార్య జాయ్స్ ఒకరింట్లో పనిచేస్తుంది. ఆ ఇంటివాళ్ళ వెంట వెనిస్ వెళ్ళి, పది రోజులు ఒక చిన్న అపార్ట్‌మెంట్ హోటల్లో వాళ్ళకి వండి, ఉతికి, మొన్ననే తిరిగొచ్చింది. "నా బదులు అసలు పడవ ఎక్కి రా" అని ఆమె వెళ్ళేటప్పుడే వెస్లీ చెప్పాడు. అతను కోరింది అదొక్కటే.

"ఎక్కకుండా వస్తానా?" వాచిన పాదాలు చెప్పుల్లోంచి తీసింది జాయ్స్. "అచ్చం ఇలాగే ఉందండీ. మోటారు చప్పుడే కాస్త ఎక్కువ."

వెస్లీ ఆమె వైపు చూశాడు. వెనిస్ చూసొచ్చిన టూరిస్టులు ఈ పడవ ఎక్కగానే నవ్వుతారు. అక్కడ ఇలాంటి పడవకి తెడ్డే తప్ప మోటారుండదని రోజుకొకరైనా అతనికి చెబుతారు.

పడవ గట్టు చేరింది. జాయ్స్ లేవబోయింది.

"అక్కడ ఎన్ని రౌండ్లు తిప్పారు?"

"ఒకటేనండీ."

"అయితే కూర్చో. ఇక్కడ రెండు," అంటూ వెస్లీ పడవ మళ్ళీ తిప్పాడు.