కెమెరా ఎవరి చేతికి

దీపాలి ఫోను స్నానాల గదిలో నీళ్ల బకెట్లో పడింది.

ఫోను పోతే ఇంకోటి వస్తుంది. కానీ పెద్దవాడు పాకడం, గోడ పట్టుకుని నిలబడడం, తొలిసారి "అమ్మా" అనడం, ఆ వీడియోలన్నీ అందులోనే ఉండేవి. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు.

ఇప్పుడు చిన్నది పుట్టింది. ఆదివారం దాన్ని తొట్టెలలో వేసి పేరు పెడతారు. భోకర్ దగ్గరి ఊరి నుంచి దీపాలి అమ్మమ్మ కాశీబాయి వస్తోంది. తొట్టెల పాట మొదటి నుంచి చివరిదాకా వచ్చింది వాళ్లందరిలో ఆమె ఒక్కతికే. ఈమధ్య ఆమె గొంతు వణుకుతోంది.

"ఈసారి ఫోన్ల తియ్యను," అంది దీపాలి భర్త అనికేత్‌తో. "నడుమ ఎవరన్న ఫోన్ జేస్తే ఆగిపోతది. చిన్న వీడియో కెమెరా కొందాం."

ఇద్దరూ నాందేడ్ బజారులో కెమెరాల దుకాణానికి వెళ్లారు.

దుకాణదారు కైలాస్ రెండు కెమెరాలు తీసి ముందు పెట్టాడు. ఒకటి కొత్తది, పెద్దది. రెండోది వాడినదే. అరచేతిలో ఇమిడిపోతుంది. ఎక్కడా ఒక్క గీత లేదు.

అనికేత్ పెద్దదాన్ని ఎత్తాడు. "గిది తీస్కుందాం. దూరమున్నోళ్లు సుత దగ్గర కనవడతరు."

"ఇంట్ల తీసెటానికి దూరమెందుకు? మా అమ్మమ్మ గోదావరి అవుతల కూసొని పాడుతదా?"

కైలాస్ నవ్వాడు. మూలన స్టూలు మీద కూర్చున్న ముసలాయన కూడా నవ్వాడు. లేచి దగ్గరికొచ్చాడు.

"దీంతోని ఏం తీస్తవు బిడ్డా?"

దీపాలికి ఆయనెవరో తెలియదు. అయినా చెప్పింది. "ఇంట్లోళ్లనే కాకా."

"మొదలు ఎవర్ని తీస్తవు?"

"మా అమ్మమ్మను. పాట పాడుతది."

"కెమెరా ఎవరు పట్టుకుంటరు? నువ్వా, ఆయననా?"

"ఆమెకేం తెల్వదు కాకా, నేనే తీస్త," అన్నాడు అనికేత్.

"నేనే తీస్త," అంది దీపాలి. అంత గట్టిగా అంటానని ఆమే అనుకోలేదు.

ముసలాయన చిన్న కెమెరా అందుకున్నాడు. చొక్కా అంచుతో దాని అద్దం తుడిచాడు. ఏమీ అడగకుండా దాని పట్టీ ఆమె చేతికి తొడిగి, మెల్లగా బిగించాడు.

దీపాలి ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఏంది కాకా గిది?" అనికేత్ గొంతు లేచింది. "కొనేటోళ్లం మేము. నడుమ నీదేంది? కైలాస్ భావు, అచ్చినోళ్లను గిట్ల సతాయిస్తుంటే ఊకుంటవా?"

కైలాస్ ఏదో చెప్పబోయాడు. ముసలాయన వద్దన్నట్టు తలూపాడు.

"తప్పైంది బాబూ," అని పోయి మళ్లీ స్టూలు మీద కూర్చున్నాడు.

చిన్నదే ఖాయం చేసింది దీపాలి. అనికేత్ రేటు బాగా తగ్గించి అడిగాడు. కైలాస్ ఒకసారి మూలకు చూసి, వెంటనే ఒప్పుకున్నాడు.

బయటికి రాగానే అనికేత్ గొప్పగా అన్నాడు. "సూసినవా, ఎట్ల బేరం జేసిన్నో!"

ఆదివారం కాశీబాయి తొట్టెల పక్కన కూర్చుంది. కెమెరా చూడగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాకు పండ్లు లెవ్వు. నన్నెందుకే తీసుడు?"

"పండ్లతోని పాడుతవా అమ్మమ్మా? పాడు."

కాశీబాయి పాడింది. నడుమ ఒక చరణం మరిచిపోయింది. నువ్వే మరిపించినవని తొట్టెలలోని పసిదాన్ని కోప్పడింది. అంతలోనే గుర్తొచ్చి మళ్లీ అందుకుంది. దీపాలి కళ్లు నిండి, ఎదురుగా ఉన్నదంతా అలుక్కుపోయినా చెయ్యి మాత్రం దించలేదు.

సాయంత్రం అందరూ టీవీ ముందు చేరారు.

"గా ముసల్ది ఎవరే? మంచిగనే పాడుతున్నది!" అంది కాశీబాయి.

ఇల్లంతా నవ్వింది. అనికేత్ మాత్రం టీవీ పక్కనున్న చిన్న కెమెరాను చేతిలోకి తీసుకుని చూశాడు.

"ఆ దుకాణంల కాకాను మనం ఊకెనే అన్నం," అన్నాడు.

"మనం కాదు, నువ్వన్నవు," అంది దీపాలి. "పోదాం పా. ఆయనకు గూడ జూపెడదాం."

మర్నాడు పాలకోవా పేడాల మిఠాయి డబ్బా పట్టుకుని వెళ్లారు. స్టూలు మీద ఎవరూ లేరు.

"కాకా రాలేదా భావు?"

"నాగనాథ్ కాకానా? ఇల్లు ఖాళీ జేసి పొద్దుగాల రైలుకు పోయిండు తాయీ. లాతూర్ల తమ్ముని దగ్గరనే ఉంటడట ఇగ."

అనికేత్ డబ్బా బల్ల మీద పెట్టాడు. "నీ దుకాణంల పనిజేస్తుండెనా ఆయన?"

"లేదు. రోజూ అచ్చి కూసుండేటోడు. మీరు కొన్న కెమెరా ఎవరన్న అడిగితే, ఏం తీస్తరని అడిగేటోడు. ఒకాయన మల్ల అమ్ముకుంటనన్నడు, కాకా ఇయ్యద్దన్నడు. ఇంకొకాయన అల్మారిల మంచిగుంటదన్నడు, ఆయనకు గూడ ఇయ్యద్దన్నడు."

"నీ సామాను మీద ఆయనకు అంత పట్టింపెందుకు?" అంది దీపాలి.

కైలాస్ ఖాళీ స్టూలు వైపు చూశాడు.

"అది నా సామాను గాదు తాయీ. మా గల్లీల ఎవరింట్ల తొట్టెలైనా ఇందుబాయి కాకూనే కెమెరా పట్టుకొని పోయి తీసేది; నిరుడు ఆమె సచ్చిపోయినంక, ఆ కెమెరాను మంచి చేతిల పెట్టిగాని ఊరు ఇడువనని కూసున్న ఆమె పెనిమిటే ఆయన."